పేదరికం – వాడుక – హక్కు

విశాఖ రేవు ముఖద్వారం పక్కన మూడు కొండలున్నాయి. ఒకదానిపై వెంకటేశ్వరుని కోవెల, మరొకదానిపై దర్గా, మూడవదైన రాస్ కొండపై మేరీమాత చర్చి. కొండపైని బోధలో పేదరికం ఒక సుగుణం. కొండకింద రేవులో బరువులెత్తేవానికి అదొక శాపం. ఒకే మాటకు ఈ రెండర్థాలెలా వచ్చాయి?

పేదరికాన్ని పొగిడే మతం పేదవాణ్ణి అణచడానికేనని మనవాళ్లు తేల్చివేయడం కద్దు. అది తరచు నిజం కూడా. ఐతే అస్సీసీ ఫ్రాన్సిస్ విషయంలో ఆ తీర్పు తొందరపాటవుతుంది. 1226లో మరణించిన ఈ ఇటలీ సన్యాసి గుడ్డల వర్తకుని కొడుకు. ముందు తన ఆస్తినే వదులుకున్నాడు. అనుచరులు డబ్బు ముట్టరాదన్నాడు, చేతులతో పనిచేయాలన్నాడు.

ఆయన పోయిన తరువాత చిక్కు మొదలైంది. ఏదీ తమది కాదనే సన్యాసులు తినే రొట్టె, ఉండే మఠం ఎవరివి? ఆస్తి పోపుది, వాడుక మాత్రమే సన్యాసులదని 1279లో మూడవ నికొలాస్ పోపు తీర్మానించాడు. దుస్తుల విషయంలోనూ, ధాన్యం నిల్వ విషయంలోనూ పోపు ఆజ్ఞకు లోబడని నలుగురు సన్యాసులను 1318లో మార్సేలో సజీవదహనం చేశారు. తింటే హరించే రొట్టెలో వాడుకను, యాజమాన్యాన్ని వేరుచేయడం ఎలాగని 1322లో ఇరవైరెండవ జాన్ పోపు ప్రశ్నించాడు. క్రీస్తుకూ, శిష్యులకూ ఏ ఆస్తీ లేదని పట్టుబట్టడం మతద్రోహమని మరుసటి ఏడే ప్రకటించాడు.

దహనాన్ని ఏ న్యాయమూ సమర్థించదు. కాని జాన్ ప్రశ్నలో పస ఉన్నదని భౌతికవాదులమైన మనం ఒప్పుకోవాలి. ఒకడు ‘నాకొద్దు’ అన్నంత మాత్రాన ఆస్తి మాయమైపోదు. మరొకరి పేరు మీదికి పోతుంది, అంతే.

ఇది సన్యాసుల గొడవ, మనకెందుకనరాదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971లో శంకుస్థాపన జరిగింది. రైతులు భూములిచ్చి నిర్వాసితులయ్యారు, కార్మికులు చెమటోడ్చి ఉక్కు తీశారు. పత్రం మాత్రం ప్రభుత్వం చేతిలో ఉన్నది. 2021 జనవరిలో నూరు శాతం వాటా అమ్మాలని నిర్ణయించినప్పుడు, మనది వాడుకేనని తేలిపోయింది. దీర్ఘపోరాటం తరువాత 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ పథకం వచ్చింది. డబ్బివ్వడం వేరు, హక్కును ఒప్పుకోవడం వేరు.

నేటి కేథలిక్ లోకంలో ఈ ప్రశ్న మళ్లీ లేచింది. 2013లో అస్సీసీ సన్యాసి పేరు స్వీకరించిన పోపు, స్వంత ఆస్తిహక్కు నిరపేక్షమైనదని క్రైస్తవ సంప్రదాయం ఎన్నడూ ఒప్పుకోలేదని 2015 నాటి తన లేఖలో రాశాడు. ఆయన 2025లో మరణించాడు. ఆ వాక్యానికి ఆచరణ మిగిలి ఉన్నది. మన ఆంధ్రలో కేథలిక్కులు పెక్కుమంది దళితులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. అతనికి పేదరికం వ్రతం కాదు, పుట్టుకతో వచ్చింది. వదులుకోవడానికి అతనివద్ద ఏమున్నది?

కనుక ఫ్రాన్సిస్ బోధ ఉన్నవానికి చెప్పవలసినది. చర్చి భూములకూ, చర్చి పాఠశాలల ఫీజులకూ ముందుగా వర్తించవలసినది. లేనివానికి చెప్పవలసింది వదులుకొమ్మని కాదు. కలిసి అడగమని, అడిగినది కలిసి నిలుపుకొమ్మని. కొండపైని విశ్వాసి ఈ మాట చెబుతూ కొండ దిగి వస్తే, అతని దేవునితో మనకు తగవు లేదు. కలిసి నడవవచ్చు.