సీటు రాకపోతే ఇజ్జత్ పోతుందా?

జేఈఈ ర్యాంకులు వచ్చే రోజుల్లో మా ఇళ్లల్లో ఒక రకం నిశ్శబ్దం కమ్ముకుంటుంది. ర్యాంకు రాని ఇంట్లో అబ్బా దుకాణానికి పెందలాడే వెళ్లిపోతాడు. అమ్మీ వంటింట్లోంచి బయటికి రాదు. కుర్రాడు ఏదో నేరం చేసినట్టు గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఇంతకీ ఆ నేరం ఏమిటి? పదిహేడేళ్ల పిల్లాడి మీద అది మోపే హక్కు మాకెక్కడిది?

రాజాం చుట్టుపక్కల మేం గుప్పెడుమందిమి. అందుకే మా పిల్లల ర్యాంకు ఎప్పుడూ వాళ్లొక్కరిదే కాదు. వస్తే 'సాయిబుల కుర్రాడికి ఐఐటీ వచ్చిందట' అని బజారంతా చెప్పుకుంటారు. రాకపోతే 'వాళ్లకి చదువులెక్కడివి' అన్న పాతమాట మళ్లీ లేస్తుంది. తక్కినవాళ్ల పిల్లలు తప్పితే తామొక్కరే తప్పుతారు. మా పిల్లలు తప్పితే కౌమ్ మొత్తం తప్పినట్టు. ఈ భయం నిజమైనదే, మేం కాదనం. కానీ లోకం మా మీద పెట్టిన బరువుని మేమే తీసి పిల్లల నెత్తిన పెట్టడం న్యాయమా?

ఓడి వచ్చిన పిల్లలకి మేం మూడు మాటల్లో ఒకటి చెబుతాం. 'నసీబ్‌లో లేదు.' 'నువ్వు మెహనత్ చెయ్యలేదు.' 'మనవాళ్లకి ఎవరిస్తార్రా?'

మొదటి రెండింటికీ లెక్కలే జవాబు. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసినవాళ్లు సుమారు 1,80,000 మంది. అర్హత సాధించినవాళ్లు 48,248. ఇరవై మూడు ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 17,740. అంటే అర్హత వచ్చినవాళ్లలోనే ముప్ఫైవేల మందికి పైగా బయట నిలబడాలి. వాళ్లంతా చదవనివాళ్లా? అందరి నసీబూ ఒక్కసారే చెడిందా? సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ప్రభుత్వాలు జవాబు చెప్పాల్సిన కొరతని అల్లా మీదో పిల్లాడి మీదో నెట్టేసి మేం చేతులు దులుపుకుంటున్నాం.

మూడో మాట దగ్గర మరింత జాగ్రత్త కావాలి. జేఈఈ జవాబులు దిద్దే యంత్రానికి పేరు తెలియదు. 'నీ పేరు చూసి తీసేశారు' అని పిల్లాడికి చెబితే అది అబద్ధం. రేపు నిజంగా పేరు చూసి గది అద్దెకివ్వనప్పుడు మా మాట నమ్మడు. అలాగని పేరుతో పనే లేదని చెప్పినా అబద్ధమే. మన దేశంలో పేరున్న కాలేజీల్లో డిగ్రీ విద్యార్థులు పాతికమందిలో ఒకరు, పీజీలో యాభైమందిలో ఒకరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ తేల్చింది. అప్పటికి జనాభాలో మేం నూటికి పదమూడుమందికి పైగా ఉన్నాం. వివక్ష పరీక్ష హాల్లో కాదు, దానికి పదేళ్ల ముందే మొదలవుతుంది. బడి ఎక్కడుంది, అబ్బా సంపాదన ఎంత, ఇంట్లో ఏ భాష, కోచింగ్‌కి ఎవరు అప్పిస్తారు - అక్కడ మొదలవుతుంది. పిల్లలకి ఈ తేడా విడమరిచి చెప్పాలి. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసిన పిల్లలు తమ మీద తామే కోపం పెట్టుకోరు.

తోడు నిలవడం అంటే ఓదార్పు ఒక్కటే కాదు, దారి తెలుసుకోవడం కూడా. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇ నాలుగు శాతం 2010 మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. అది రాష్ట్ర కోటా. ఐఐటీలు చూసేది కేంద్రం ఓబీసీ జాబితాని. ఏ సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుందో ఫలితాల తర్వాత తెలుసుకుని ఏడ్చేకంటే ముందే తహసీల్దార్ ఆఫీసు మెట్లెక్కడం పెద్దల పని.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. రాజాంలోనే 1997 నుంచీ జీఎంఆర్ ఇంజనీరింగు కాలేజీ ఉంది. వేరే ఊళ్ల పిల్లలు హాస్టళ్లలో ఉండి చదువుకునే చోటికి నడిచి వెళ్లడం మా పిల్లలకి ఓటమిలా ఎందుకు తోస్తోంది? అది మేం నేర్పిన సిగ్గే. అదే కాలేజీ ఆడపిల్లకైతే మాత్రం 'ఇంటికి దగ్గర' అని సంబరంగా ఒప్పుకుంటాం. మగపిల్లాడికి చిన్నదైన కాలేజీ ఆడపిల్లకి ఎలా చాలింది? దూరాన మంచి సీటు వచ్చినా వద్దని ఆపి, దాన్నీ ప్రేమే అంటున్నాం. సీటు రాని కొడుకు బాధ ఊరంతా వింటుంది. వచ్చిన సీటు వదులుకున్న కూతురి బాధ ఎవరి చెవినీ పడదు.

ఔలాద్ అమానత్ అని మేమే అంటాం. అమానత్ అంటే మనకి అప్పగించిన సొత్తు, మన సొంతం కాదు. దాన్ని తాకట్టు పెట్టి ఇజ్జత్ కొనుక్కోకూడదు. కౌమ్ తలెత్తుకుని నిలబడాలంటే దానికి బడులు కావాలి, స్కాలర్‌షిప్పులు కావాలి, కొట్లాడే పెద్దలు కావాలి. ఆ పని పెద్దలది. పిల్లల పని చదువుకోవడం. ఒకచోట సీటు రాకపోతే ఇంకోచోట చదువుకుంటారు. ఈలోగా ఇంటికొచ్చిన పిల్లాణ్ని ర్యాంకెంత అని అడిగే ముందు అన్నం తిన్నావా బేటా అని అడుగుదాం.