ఊదారంగు అడుగు ప్రశ్న

క్రొత్త నిబంధనలో ఊదారంగు మూడు తావులలో మన కన్నులకు కట్టినట్లు కనబడును. లూకా సువార్త 16వ అధ్యాయములో ధనవంతుడు ఆ రంగు బట్టలు ధరించి సుఖపడుచుండగా, లాజరు కురుపులతో అతని వాకిట పడియుండెను. మార్కు సువార్త 15వ అధ్యాయములో రోమా సైనికులు మన ప్రభువునకు అదే రంగు వస్త్రము తొడిగి అపహసించిరి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో తుయతైర పట్టణస్థురాలైన లూదియ ఆ రంగు వర్తకముతో జీవించుచు, ప్రభువు తన హృదయమును తెరచినప్పుడు తన యింటి తలుపును కూడ తెరచెను. గ్రీకు మూలములో ఈ మూడు చోట్లను ఉన్నది ఒకే మాట, లేక దానినుండి పుట్టిన మాట. రంగు ఒకటే. అది ఒకరి యెడల గర్వమాయెను, మరియొకరి యెడల అపహాస్యమాయెను, వేరొకరి యెడల ఆతిథ్యమునకు సాధనమాయెను. కావున రంగు తనంతట తాను పాపమును కాదు, భక్తియును కాదు. నన్ను నీవేమి చేయుదువని అది మనలను అడుగుచున్నది.

మన ప్రొటెస్టెంటు సంఘములలో రంగును గూర్చి ఒక సంకోచము తరతరములుగా ఉన్నది. 1524లో జ్యూరిక్ నగరమున, స్వింగ్లీ బోధననుసరించి, దేవాలయములలోని చిత్రములను తొలగించి గోడలకు సున్నము వేసిరి. ఆ జాగ్రత్తకు కారణము లేకపోలేదు. చిత్రము ముందు మోకరించిన జనులు వాక్యమును మరచిన దినములవి. ఆ సున్నపు తెలుపు మన దేశపు ప్రార్థనా మందిరములకును వచ్చినది. ఆదివారపు తెల్లచీరలోను, తెల్లచొక్కాలోను నిలిచినది. నిరాడంబరత మంచిదే. అయితే ఆడంబరమునకు భయపడినవారు క్రమక్రమముగా అందమునకే భయపడుట కలదు. అప్పుడు రంగులయందు మక్కువగల బిడ్డ తనకు దేవుడిచ్చిన వరము దేవుని యింట పనికిరానిదని తలంచును. ఇది చిన్న నష్టము కాదు.

నిర్గమకాండము 31వ అధ్యాయమును మెల్లగా చదివినచో ఈ సంకోచము సడలును. దేవుని ఆత్మతో నింపబడినవాడని లేఖనము మొదట పేర్కొనిన మనుష్యుడు ప్రవక్త కాడు, యాజకుడు కాడు, రాజును కాడు. అతడు యూదా గోత్రికుడైన బెసలేలు అను పనివాడు. అతనికి తోడుగా నియమింపబడిన దాను గోత్రికుడైన అహోలీయాబు రంగునూలుతో బుటాపని చేయుటయందు నేర్పరి. స్త్రీలు తమ చేతులతో వడికిన నూలును తెచ్చి యిచ్చిరని 35వ అధ్యాయము చెప్పుచున్నది. ఎండయు, ఇసుకయు, రాళ్లును గల ఆ అరణ్యములో, నిన్న మొన్నటివరకు ఇటుకలు చేసిన దాసజనము నడుమ, దేవుడు తన గుడారమునకు నీల ధూమ్ర రక్తవర్ణములను కోరెను. నీడ మాత్రమే కావలసియున్నచో చర్మములు చాలియుండును. బెసలేలుకు ఇయ్యబడిన ఆత్మప్రేరణ చేతిపనికి వేరైనది కాదనియు గమనింపవలెను. జ్ఞానముతోపాటు పనితనమును, ఇతరులకు నేర్పు మనస్సును అతనికి ఇయ్యబడెను.

ఈ మూడు రంగుల పేర్లు అనువాదకులను నిలువరించునవి. హెబ్రీలో అవి తెకేలెత్, అర్గామాన్, తోలాఅత్ షానీ. మొదటి రెండును సముద్రపు నత్తలనుండి తీయబడినవని పండితులు సాధారణముగా అంగీకరింతురు. 1909లో పౌల్ ఫ్రీడ్‌లాండర్ అను రసాయన శాస్త్రజ్ఞునికి 12,000 నత్తలనుండి లభించిన ఊదారంగు 1.4 గ్రాములు మాత్రమే. మూడవదాని పేరులోని మాటకు పురుగు అని అర్థము. చెట్లను అంటిపెట్టుకొని బ్రదుకు ఒక చిన్న కీటకమునుండి ఆ ఎరుపు వచ్చెను. తెలుగు బైబిలులోని 'రక్తవర్ణము' అను మాట రంగును చక్కగా చూపును గాని పురుగును చూపదు. 22వ కీర్తనలో తాను నరుడను కానని, పురుగునని మొరపెట్టువాడు పలికిన మాట ఇదే. మన ప్రభువు సిలువపై ఆ కీర్తన మొదటి మాటలనే ఉచ్చరించెను. దీనినుండి గూఢార్థములను అల్లనక్కరలేదు. ఒక్క సంగతి చాలును: మన కన్నులను సంతోషపెట్టు రంగు వెనుక నలిగిన ప్రాణమొకటి ఉన్నదని ఆ భాష మరువనీయదు.

నలిగిన ప్రాణమే కాదు, శ్రమించిన చెయ్యియును రంగు వెనుక ఉన్నది. మచిలీపట్నము దగ్గరనున్న పెడనలో చెక్క అచ్చులతోను, శ్రీకాళహస్తిలో కలముతోను కలంకారీ వస్త్రములు చేయువారిని చూడుడి. ఉదికిన గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఆరవేయుదురు. పాలలోని కొవ్వు రంగును ప్రక్కలకు ప్రాకనీయదు. పాత ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో అనేక దినములు ఊరవేయగా వచ్చిన ద్రవము, కరక్కాయ పట్టిన గుడ్డను తాకినంతనే నల్లబడును. ఎరుపు కావలసిన చోట పటిక నీరు అద్దుదురు. అప్పటికి గుడ్డమీద ఎరుపేమియు కనబడదు. తరువాత రంగునిచ్చు వేళ్లతో గుడ్డను కాచినప్పుడే, పటిక తాకిన చోట ఎరుపు పట్టి నిలుచును; తాకని చోట ఉతుకులో వెడలిపోవును. పోచంపల్లి నేతగాండ్ర పద్ధతి వేరు. నేయుటకు ముందే నూలులో రంగు తాకరాని భాగములను గట్టిగా కట్టి ముంచుదురు. కట్టిన చోటనే నమూనా పుట్టును.

సృజనశక్తి ఆకాశమునుండి మెరుపువలె పడునని తలంచువారికి ఈ పనివాండ్రు మంచి గురువులు. ఎవరును చూడని పటిక అద్దకమే రేపటి ఎరుపును నిలుపును. వాక్యధ్యానము, నిదానించి చూచు అలవాటు, చేతికి నిత్యాభ్యాసము మన పటిక వంటివి. తెల్లవారుజామున చింతచిగురు ఎరుపునుండి పచ్చదనమునకు మారుటను చూచినవాడు, పసుపు దంచునప్పుడు రోలు అంచున నిలిచిన ఛాయను గమనించినామె, కల్లములో ఆరబోసిన మిరపకాయలు దినదినమునకు ముదురుట కనిపెట్టినవాడు, రంగును వెదకుటకు దూరదేశము పోనక్కరలేదు. చూచుటయు ఒక స్తుతియే. అలాగే తన్ను తాను కట్టుకొనుట ఎరుగని కళాకారునికి నమూనా దొరకదని పోచంపల్లి నూలు చెప్పుచున్నది.

అయితే చూచు కన్ను మరియొక దానిని కూడ చూడవలెను. నీలిరంగు మన దేశ చరిత్రలో కన్నీటి రంగు. వంగదేశమున నీలితోటల దొరలు రైతులకు బయానా సొమ్ము అంటగట్టి, వరి పండు నేలలో నీలిమొక్కను బలవంతముగా వేయించిరి. 1859, 1860 సంవత్సరములలో ఆ రైతులు ఎదురు తిరిగిరి. దీనబంధు మిత్ర వ్రాసిన 'నీలదర్పణము' అను నాటకము 1860లో వెలువడెను. చర్చి మిషనెరీ సొసైటీకి చెందిన జేమ్సు లాంగ్ అను పాదిరి దాని ఇంగ్లీషు అనువాదమును ప్రకటింపజేసినందుకు, 1861లో కలకత్తా న్యాయస్థానము ఆయనకు ఒక నెల చెరసాలయు వెయ్యి రూపాయల జుల్మానాయు విధించెను. ఒక అనువాదమునకు ఒక పాదిరి చెల్లించిన వెల అది. చంపారనులో బీఘాకు 20 కఠాలలో మూడింట నీలి వేయవలెనను నిర్బంధము 1917లో గాంధీ మహాత్ముడు అచ్చటికి పోవువరకు సాగెను. ఆ నీలిరంగు బట్టలు తొడిగి ఆదివారము ఆరాధనకు పోయిన భక్తులు ఐరోపాలో ఎందరో ఉండవచ్చును. వారు దుష్టులని చెప్పజాలము. వారి వాకిట లాజరు కనబడలేదు, ఏలయనగా అతడు సముద్రమునకు ఆవల ఉండెను. దూరము ధనవంతుని నిర్దోషిని చేయునా? ఇది నేడు చౌక బట్ట కొను మనలను కూడ అడుగవలసిన ప్రశ్న.

మన భాషలో 'వర్ణము' అను మాటకు రంగనియు, కులవిభాగమనియు అర్థములు గలవు. సృష్టిని అలంకరించిన దాని పేరుతోనే మనుష్యుడు తన సహోదరుని వేరుచేసెను. వస్త్రమును లోనికి తీసికొని, దానిని చేసినవానిని వాకిట నిలిపిన ఆచారము మన ఊళ్లకు కొత్తది కాదు. ప్రియ చదువరులారా, మన యిండ్లలో మరియొకటి కూడ ఉన్నది. భర్త మరణించిన స్త్రీనుండి రంగును తీసివేయుట. ఆచారములను విడిచితిమని చెప్పుకొను క్రైస్తవ గృహములలో సైతము, నలుబది యేండ్లయినను నిండని సహోదరి లేతగులాబి చీర కట్టి సంఘమునకు వచ్చినచో, ప్రక్కకు తిరిగి గుసగుసలాడు నోళ్లు గలవు. లేఖనమేమి చెప్పుచున్నది? ఆదికాండము 38వ అధ్యాయములో తామారుకు వైధవ్యవస్త్రములు ఉండెనని చదువుచున్నాము గాని వాటి రంగు చెప్పబడలేదు. పౌలు తిమోతికి వ్రాయుచు, దిక్కులేని విధవరాండ్రను సన్మానింపుమనెను. వారి రంగులను తీసివేయుమనలేదు. ప్రకటన గ్రంథము 7వ అధ్యాయములో తెల్లని వస్త్రము ప్రతి జనమునుండి వచ్చిన గొప్ప సమూహపు జయవస్త్రము. అది శిక్ష కాదు. ఆ సహోదరి తనంతట తాను తెలుపును కోరుకొనినచో అది ఆమె స్వాతంత్ర్యము. ఇతరులు ఆమె పెట్టెలోని రంగుచీరలను బంధువులకు పంచియిచ్చినచో, క్రీస్తు విజయచిహ్నమును మనము లోకాచారమునకు సేవకురాలిని చేసినవారమగుదుము.

రంగును అన్నమును ఒకచోట చేర్చినవారును ఉండిరి. మెదకులో పాదిరి చార్లెస్ వాకర్ పాస్నెట్, కరవు కాలమున ఆకలిగొన్న జనులకు పని కల్పించి ఆహారమిచ్చుచు కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని కిటికీలకు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దములు అమర్చబడినవి. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము వాటిలో చిత్రింపబడెను. అట్టి కిటికీని పగటివేళ వెలుపలనుండి చూచినచో మసకగా కనబడును. లోపల నిలిచినవానికే, ఆవలనుండి వెలుగు వచ్చినప్పుడే, నీలమును ఎరుపును మండినట్లు కనబడును. సూర్యుడు అస్తమించినంతనే గాజు మరల నల్లనగును. కరవులో రాయి మోసి కూలి తిన్నవాని సంతానము నేడు ఆ వెలుగులో కూర్చుండి పాడుచున్నది. అన్నము ముందా, అందము ముందా అని వాదించువారికి ఆ కట్టడము ఉత్తరమిచ్చుచున్నది. ఆకలిని మరచిన అందము ధనవంతుని బట్ట. ఆకలిని తీర్చుచు కట్టిన అందము దేవుని గుడారము.

కావున మనము రంగునకు భయపడనక్కరలేదు, దానికి దాసులమును కానక్కరలేదు. క్రిస్మసు నక్షత్రమునకు రంగు కాగితము అంటించు బిడ్డను అది ఆటయని తీసివేయక, బెసలేలు కథ చెప్పుడి. చేనేత వస్త్రము కొనునప్పుడు నేతగాని కూలిని తగ్గించునంతగా బేరమాడకుడి. మీ సంఘములో రంగు విడిచిన సహోదరి యున్నచో, మీ యింటి శుభకార్యమునకు ఆమెను ముందు వరుసకు పిలిచి, ఆమె కోరిన రంగు చీరనే కానుకగా ఇయ్యుడి. గుసగుసలాడు వారికి జవాబు మీ ప్రవర్తనయే చెప్పును.

ఊదారంగు అమ్మిన లూదియ ఆ వర్తకమును విడిచెనని లేఖనము చెప్పదు. చెరసాలనుండి విడుదలయైన పౌలు సీలలు తిన్నగా ఆమె యింటికి వెళ్లి అక్కడ సహోదరులను చూచి ఆదరించిరని మాత్రము చెప్పుచున్నది. ఆ యింట ఊదారంగు సరకు ఒక మూలను ఉండియుండవచ్చును. దాని ప్రక్కనే దెబ్బలు తినిన దేహములు కూర్చుండుటకు చోటును ఉండెను. మన యింట రంగులున్నవి. వాటి ప్రక్కన ఎవరికి చోటున్నది?