ఆమె మాట, నా మార్కులు

"క్లయింట్ ఎక్కువసేపు మౌనంగా ఉంది. సహకరించే ధోరణి కనబడలేదు. చిట్టీ గురించి అసందర్భంగా మాట్లాడింది. పితృస్వామ్య విలువల్ని తనలో ఇంకించుకున్న స్త్రీ."

2014లో, ఎమ్మెస్‌డబ్ల్యూ మొదటి సంవత్సరంలో నేను రాసిన కేసు రికార్డులోని వాక్యాలివి. ఇప్పుడు చదివితే సిగ్గుగా ఉంటుంది. అప్పుడు మాత్రం, నిజం చెప్పొద్దూ, ఆ చివరి వాక్యం రాసినందుకు లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ముప్పై ఆరేళ్ళ వయసులో, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక, సోషల్ వర్క్ చదవడానికి చేరాను. అప్పటికే పదేళ్ళుగా స్త్రీవాద సాహిత్యం చదువుతున్నాను. అడపాదడపా రాస్తున్నాను. తోటి విద్యార్థుల కంటే నాకు ఎక్కువ తెలుసన్న ధీమా ఉండేది. వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్. నన్ను హైదరాబాద్‌లో ఒక కుటుంబ సలహా కేంద్రానికి పంపారు. అక్కడ నాకప్పగించిన మొదటి కేసు ఆమెది. నాలుగిళ్ళలో పనిచేసుకునే మనిషి. ఇద్దరు పిల్లలు. భర్త తాగొచ్చి కొడతాడు. ఆ రోజు ఆమె ఎడమ చెయ్యి వాచి ఉంది.

నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. 498ఎ గురించి చెప్పాను (2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్). 2005 నాటి గృహహింస చట్టం గురించి, షెల్టర్ హోమ్ గురించి చెప్పాను. "మీరు ధైర్యం చేసి బయటికి రావాలక్కా" అన్నాను. ఆమె తలూపి ఇంటికి వెళ్ళిపోయింది. వారం తర్వాత మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపాన్ని సిద్ధాంత భాషలోకి అనువదించి రికార్డులో పెట్టాను.

మా చదువులో ప్రాసెస్ రికార్డింగ్ అని ఒకటుంటుంది. ఎదుటి మనిషి ఏమంది, మనమేమన్నాం, అప్పుడు మనకేమనిపించింది, అన్నీ గుర్తున్నంతవరకు మాట మాటా రాయాలి. పేజీలకు పేజీలు. అందరం విసుక్కునేవాళ్ళం. మా సూపర్‌వైజర్ మేడమ్ నా రికార్డు చదివి ఒక్క మాట అన్నారు: "ఆమె మూడుసార్లు చిట్టీ ఎత్తు ఎత్తింది. మూడుసార్లూ నువ్వు మాట మార్చావు, చూసుకున్నావా?"

చూసుకోలేదు. నా చేత్తో నేనే రాసిన కాగితాల్లో ఉన్నదాన్ని నేను చదవలేదు.

తర్వాతి వారం చిట్టీ గురించే అడిగాను. ఆమె ముఖం మారిపోయింది. బస్తీలో నలభై వేల చిట్టీ, నెలకు రెండు వేలు, పద్నాలుగు నెలలు కట్టింది. అది భర్తకు తెలియదు. "ఇప్పుడే పాడితే ఏడు వేలు పోతయి మేడం. దసరా దాటితే పాడేటోళ్ళు తగ్గుతరు. అప్పుడు ఎత్తుకుంట." ఆ డబ్బుతో అదే బస్తీలో వేరే గది తీసుకోవాలని, పిల్లల బడి మారకూడదని, పనిచేసే ఇళ్ళు పోకూడదని ఆమె లెక్క. షెల్టర్ హోమ్‌కి వెళ్తే ఈ మూడూ పోతాయి. అంటే నేను ధైర్యం నూరిపోస్తున్న మనిషి అప్పటికే ఏడాదికి పైగా తన విడుదలకు వాయిదాలు కట్టుకుంటోంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. ఆ చట్టంలో పదిహేడో సెక్షన్, ఇంటి మీద యాజమాన్యం ఉన్నా లేకపోయినా కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉందంటుంది. పరీక్షలో రాశాను దాన్ని. కానీ ఆమెతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇల్లు వదిలి రావడమొక్కటే తెగువ అనుకున్నాను. ఆ నమ్మకం నాకు చట్టం ఇవ్వలేదు. నేను చదివిన కథల నుంచి వచ్చిందేమో!

వెళ్ళబోతూ ఆమె అడిగింది: "ఏం రాసినవ్ మేడం నా గురించి? జర చదివి చెప్పు."

గొంతు తడారిపోయింది. పితృస్వామ్యం వాక్యాన్ని దాటేశాను. మిగిలింది చదివాను. మౌనంగా ఉందన్న దగ్గర ఆపింది. "నేను ఊకున్ననా? నువ్వు రాసుకుంటున్నవని ఆగిన గదా!"

డొనాల్డ్ షోన్ అనే ఆయన 1983లో 'ది రిఫ్లెక్టివ్ ప్రాక్టిషనర్' అని ఒక పుస్తకం రాశాడు. సిద్ధాంతాన్ని సూత్రంలా తెచ్చి అతికించడం కాదు నైపుణ్యమంటే, పని జరుగుతుండగానే ఆలోచించడం, పనయ్యాక వెనక్కి తిరిగి ఆలోచించడం అంటాడు. మా కోర్సులో రెండోదానికే విలువెక్కువ. దాన్ని కాగితం మీద పెట్టొచ్చు, మార్కులు వేయొచ్చు. మొదటిది ఆమె మాట్లాడుతున్నప్పుడు కలం కిందపెట్టడం. దానికి మార్కుల్లేవు.

ఈ అనుభవమంతా రిఫ్లెక్టివ్ జర్నల్‌లో రాశాను. నా వర్గం, నా కులం, నా చదువు నా చెవుల్ని ఎలా మూసేశాయో నిజాయితీగానే రాశాను. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. సంతోషించాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా తప్పు కూడా నాకే లాభమైంది. ఆమెకేమొచ్చింది? వాచిన చెయ్యి ఆమెది, పరిణతి నాది. ఆత్మవిమర్శ కూడా ఒక ఆస్తేనని, అది కూడా ఉన్నవాళ్ళ దగ్గరే పోగవుతుందని అప్పుడర్థమైంది.

ఇంతకంటే కష్టమైన ప్రశ్న ఇంకోటుంది. ఆమె లెక్కను గౌరవించడమంటే దసరా దాకా దెబ్బలు తినమనడమేనా? ఫీలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు కేస్‌వర్క్ సూత్రాల్లో క్లయింట్ స్వయం నిర్ణయం ఒకటి. అందరం కంఠతా పట్టాం. గృహహింస చట్టం పదో సెక్షన్ కూడా, బాధితురాలు కోరుకుంటేనే సేవా సంస్థ సంఘటన నివేదిక నమోదు చేయాలంటుంది. కానీ ఆ రెండు నెలల్లో ఆమెకేదైనా అయితే? 'ఆమె నిర్ణయమే కదా' అని నేను చేతులు కడుక్కునేదాన్నా? నా దగ్గర జవాబు లేదు. చేయగలిగింది చేశాం. రేషన్ కార్డు, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు నమ్మకమున్న పొరుగింట్లో పెట్టించాం. గొడవ మొదలైతే పిల్లలు ఎటు పరుగెత్తాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో మాట్లాడుకున్నాం. ఆమె నిర్ణయాన్ని ఒప్పుకున్నాక, ఆ నిర్ణయంలోని ప్రమాదంలో మనం కూడా కొంత మోయాలి. అంతవరకే నాకు తెలిసింది.

దసరా తర్వాత వచ్చింది. "పాడిన మేడం" అంది, నవ్వుతూ. నెల తిరక్కుండానే నా ఫీల్డ్‌వర్క్ అయిపోయింది. ఫైలు ఇంకో విద్యార్థినికి వెళ్ళింది. ఆ గది దొరికిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడీ వ్యాసం రాస్తూ అదే పని మళ్ళీ చేస్తున్నానా? ఆనవాళ్ళు తెలియకుండా వివరాలు మార్చాను. అయినా ఆమెను అడగలేదు, అడిగే దారీ లేదు. ఈసారి మార్కులు కాదు, మీ మెప్పు. ఇతర స్త్రీల బతుకుల్ని కథలుగా, పరిశోధనా పత్రాలుగా రాస్తున్న మనందరం వేసుకోవలసిన ప్రశ్న ఇది. ఆమె పక్కన కూర్చుంటే ఏ వాక్యాన్ని దాటేస్తాం? దాటేసేదాన్ని అసలెందుకు రాశాం?

ఇప్పుడు నేను కూడా విద్యార్థుల ఫీల్డ్‌వర్క్ చూస్తున్నాను. సంతకం పెట్టేముందు, చదివి వినిపించావా అని అడుగుతాను. మొన్నొక అమ్మాయి రికార్డులో 'క్లయింట్ మౌనంగా ఉంది' అని కనబడింది. పక్కనే పెన్సిల్‌తో రాశాను: "అప్పుడు నువ్వేం చేస్తున్నావు?"