ఎదర ఎవరూ లేనప్పుడు

టెక్సస్‌లో డ్రైవింగ్ టెస్టు తప్పినవాళ్ళని ఎందుకు తప్పారని అడిగి చూడండి. పారలల్ పార్కింగ్ అని కొందరంటారు. నేను విన్నంతలో ఎక్కువమంది చెప్పేది మాత్రం స్టాప్ బోర్డు. ఆగామనే అనుకుంటారు వాళ్ళు. బ్రేకు నొక్కారు, వేగం తగ్గింది, అటూ ఇటూ చూశారు, ఎవరూ లేరు, వెళ్ళిపోయారు. పక్కసీట్లో కాగితం పట్టుకు కూర్చున్న ఎగ్జామినర్ లెక్కలో అది ఆగడం కాదు. చక్రం పూర్తిగా నిలిచిపోవాలి. నిలవకుండా దొర్లించుకుంటూ పోవడాన్ని ఇక్కడ రోలింగ్ స్టాప్ అంటారు.

ఎవరూ లేని కూడలిలో పూర్తిగా ఎందుకు ఆగాలి? వినడానికి టెస్టుకి చదువుకునేవాడి ప్రశ్నలా ఉంటుంది గానీ, రాజకీయ తత్వశాస్త్రంలో ఇదే ప్రశ్న ‘ఎడారిలో స్టాప్ బోర్డు’ అనే పేరుతో చాలాకాలంగా నలుగుతోంది. కనుచూపు మేరలో మనిషి లేడు, బండి లేదు, పోలీసు లేడు. అక్కడ ఆగకపోతే ఎవరికి అన్యాయం చేసినట్టు? చట్టానికా? చట్టం మనిషి కాదుగా నొచ్చుకోవడానికి.

మాది పోలవరం. ఎమ్మెస్ చదవడానికి వచ్చి, ఉద్యోగంలో పడి ఇక్కడే ఉన్నాను. శనాదివారాల్లో కొత్తగా వచ్చిన మనవాళ్ళకి ఖాళీ పార్కింగ్ లాట్లలో కారు నేర్పిస్తుంటాను. డ్రైవింగ్ స్కూలుకి ఒక క్లాసుకి కట్టే డబ్బుతో వాళ్ళకి వారం సరుకులొస్తాయి మరి. ఆ పిల్లల్లో కనీసం ఒకడైనా ఈ ప్రశ్న అడగని సెమిస్టర్ లేదు. “ఎవరూ లేరు కదన్నా?”

తెలియనివాళ్ళ కోసం లైసెన్సు సంగతి కాస్త. ఇండియా లైసెన్సు చూపించి టెక్సస్‌ది తీసుకోవడం కుదరదు. ఇక్కడ నివాసం మొదలయ్యాక 90 రోజులు మనదానితో నడపొచ్చు. ఆ తర్వాత 30 ప్రశ్నల రాతపరీక్ష, అందులో 21 రైటవ్వాలి. 18 నుంచి 24 ఏళ్ళవాళ్ళయితే దానికి ముందు 6 గంటల కోర్సు. ఆపైన రోడ్డు పరీక్ష. దానికి కారు మనమే తీసుకెళ్ళాలి, ఇన్సూరెన్సుతో సహా. లైసెన్సు లేనివాడికి కారెక్కడిదీ అని అడక్కండి. పాస్‌పోర్టు, వీసా, ఐ-20, ఐ-94, అద్దె కాగితం అన్నీ పట్టుకెళ్ళాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి వచ్చినవాళ్ళకి వీసా మీద మొదటి పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. మా వైపు కుర్రాడొకణ్ణి ఏడాది పాటు క్లాసులో అందరూ ‘ఫ్నూ’ అనే పిలిచారు. పలికేవాడు కూడాను.

ఇన్నీ అయ్యాక వచ్చే కార్డు మీద ‘లిమిటెడ్ టర్మ్’ అని ఉంటుంది. దాని గడువు మన స్టేటస్ గడువుతో ముడిపడి ఉంటుంది. ఈ రెండు మాటల దగ్గరికి మళ్ళీ రావాలి నేను.

కొవ్వూరు నుంచి తాళ్ళపూడి, గూటాల, పట్టిసీమ మీదుగా మా ఊరొచ్చే ఏటిగట్టు రోడ్డు చూసినవాళ్ళకి నేను చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది. ఒకపక్క గోదారి, ఇంకోపక్క దిగువన పొలాలు, తోటలు, ఇళ్ళు. ఏరు ఎటు తిరిగితే గట్టూ అటే తిరుగుతుంది. మలుపు అవతల ఏముందో కనపడదు. ప్రాజెక్టు పనులు ముమ్మరమయ్యాక ఆ రోడ్లమీద టిప్పర్లు, పడవంత బస్సులు, మోటారుసైకిళ్ళు, మేకలు, మహాశివరాత్రి వస్తే పట్టిసం వీరభద్రుడి తీర్థానికొచ్చే జనం. అక్కడ స్టాప్ బోర్డు నాకు గుర్తులేదు. అయినా రోడ్డు నడుస్తుంది. ఎలా నడుస్తుందో మా బాబాయి చెప్పాడు. ఆయన ఇసుక లారీ తోలేవాడు.

“బోర్డులూ గీర్డులూ కాదురా. ఎదరోడి కళ్ళు చూడు. ఆడు నిన్ను చూశాడా లేదా, అదొక్కటే నీక్కావాల్సింది. కళ్ళు కనపడకపోతే హారన్ కొట్టు. హారనంటే తిట్టు కాదు, నేనొస్తన్నానహో అని చెప్పడం.”

ఇది గొప్ప పద్ధతి. ఎగతాళికి అనడం లేదు. ‘మనవాళ్ళకి ట్రాఫిక్ సెన్స్ లేదు’ అని విమానం దిగిన మూడోవారం నుంచే మొదలుపెట్టే వాళ్ళంటే నాకు చిరాకు. గట్టు మీద ప్రతి ఎదురుబండితోనూ ఒక చిన్న బేరం జరుగుతుంది, ఒకడు తగ్గుతాడు, ఇంకోడు చెయ్యెత్తి వెళ్తాడు. నైతికత అంటే ఎదుటి మనిషిని చూడటమే అనుకుంటే, పచ్చలైటు చూసుకుని వెళ్ళిపోయేవాడికన్నా మా బాబాయే ఎక్కువ నైతికంగా బండి తోలాడు.

కానీ ఆ పద్ధతికి ఒక చిల్లుంది. అది నాకు ఊళ్ళో ఉన్నప్పుడు కనపడలేదు. కళ్ళు చూసే న్యాయంలో ఎవరి కళ్ళు చూడాలన్నది బండి సైజును బట్టి, మనిషిని బట్టి ఉంటుంది. సర్పంచిగారి కారొస్తే లారీ పక్కకి తీస్తారు. బండివాడికి సైకిలువాడు దారిస్తాడు. కట్టెలమోపు నెత్తినపెట్టుకుని గట్టు అంచున నడిచొచ్చే మనిషి హారన్ వినగానే తనే దిగువకి దిగిపోతుంది. ఆవిడ కళ్ళు ఎవరూ చూడరు. మోపు కింద కనపడవు కూడా. ఆవిడతో బేరమే లేదు.

లైసెన్సు తీసుకున్నప్పుడు కూడా దీని గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఒక ఆఫీసు గ్రౌండులో కాలు కింద పెట్టకుండా బండి మీద ఎనిమిది వేయమన్నారు, వేశాను. ఏజెంటు ద్వారా వచ్చిన నలుగురు అదీ వెయ్యకుండానే పాసయ్యారు. ఇక్కడ స్టాప్ బోర్డుకి ఎనిమిది మూలలు. 1920లలో ఆ ఆకారం ఖాయం చేశారు, 1954లో ఎర్రరంగు వచ్చింది. వెనకనుంచి చూసినా అది స్టాప్ బోర్డేనని, అవతలివాడు ఆగాలని తెలిసిపోతుంది. అక్కడ ఎనిమిది బండి మీద నాకెంత పట్టుందో చెప్పింది. ఇక్కడి ఎనిమిది నా ప్రతాపం అడగదు, నన్ను ఆపుతుంది, అంతే. నన్నూ, పక్కనున్న ఖరీదైన కారునీ, వెనకున్న పద్దెనిమిది చక్రాల ట్రక్కునీ ఒకేలా. నాలుగువైపులా స్టాపున్న కూడలిలో ముందొచ్చినవాడు ముందు వెళ్తాడు, ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపువాడు. ఎవరి తాలూకు అన్న ప్రశ్న లేదు. మొదట్లో ఇది చూసి నాకు ఒళ్ళు పులకరించిందంటే నవ్వుతారేమో. బోర్డు గుడ్డిది కాబట్టే దానికి అందరూ సమానం.

సరే, ఆ సమానత్వం నలుగురున్న కూడలికి. ఎవరూ లేని కూడలికి?

మన పిల్లలు ముందుగా చెప్పే జవాబు భయం. అది తేలిక జవాబు కాదు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇక్కడి ప్రభుత్వం కొన్ని వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు రద్దు చేసింది. వాళ్ళలో ట్రాఫిక్ కేసు తప్ప మరేదీ లేనివాళ్ళున్నారు, కోర్టు కొట్టేసిన కేసులవాళ్ళూ ఉన్నారు. వరసగా దావాలు పడ్డాక ఏప్రిల్ ఆఖర్లో ఆ రికార్డులు తిరిగి ఇవ్వడం మొదలైంది. ఆ నెలన్నరా మనవాళ్ళు కార్లు బయటికి తీయలేదు. తీసినవాళ్ళు ఖాళీ కూడళ్ళలో మూడు అంకెలు లెక్కపెట్టి కదిలారు. అంత పద్ధతిగా కారు నడపడం నేనెప్పుడూ చూడలేదు.

దాన్ని మంచితనం అనాలా? ఇమాన్యుయేల్ కాంట్ 1785లో ఒక దుకాణదారుడి ఉదాహరణ చెప్పాడు. చిన్నపిల్లాడొచ్చినా అతను ధర పెంచి అమ్మడు. మోసం చేస్తే బేరాలు పోతాయని అతనికి తెలుసు. చేసిన పని సరైనదే, కానీ ధర్మం కోసం చేసింది కాదు. కాంట్ మాట పెద్దది గానీ, నాకు ఇక్కడ ఇంకో చిక్కు కనపడుతుంది. ఆ దుకాణదారుడు కనీసం ఒకరోజు నష్టానికి తెగించి తన నిజాయితీని పరీక్షించుకోగలడు. ‘లిమిటెడ్ టర్మ్’ కార్డు జేబులో పెట్టుకున్నవాడికి ఆ వీలు లేదు. ఒక చిన్న తప్పుకి నలభై లక్షల అప్పుతో చేసిన చదువు పోతుందన్నప్పుడు, అతను ఆగుతున్నది ధర్మం కోసమా భయంకొద్దీనా అన్నది అతనిక్కూడా తెలియదు. మంచివాడిగా ఉండే అవకాశాన్ని కూడా భయం తినేస్తుంది. ఇంకా దారుణం, చూపుని తిప్పేస్తుంది. ఏప్రిల్లో నా పక్కన కూర్చుని నేర్చుకున్న కుర్రాడు కూడలికి రాగానే అద్దాల్లో పోలీసు కారు కోసం వెతికేవాడు. నడిచేవాళ్ళ దారి వైపు చూసేవాడు కాదు.

రెండో జవాబు ఒప్పందం. నువ్వు వచ్చావు, సంతకం పెట్టావు, కాబట్టి పాటించాలి. 1689 నాటి జాన్ లాక్ పుస్తకంలో చిత్రమైన మాటొకటుంది. ఒక దేశపు రహదారి మీద స్వేచ్ఛగా ప్రయాణం చేసినంతమాత్రానే ఆ దేశపు చట్టాలకి మౌనంగా ఒప్పుకున్నట్టే అంటాడాయన. ఇది పుస్తకంలోనే ఉండిపోయిన మాట కాదు. టెక్సస్ రోడ్డు మీద కారు నడిపితే, తాగి నడిపావని అరెస్టు చేసినప్పుడు ఊపిరో రక్తమో పరీక్షకివ్వడానికి ముందే ఒప్పుకున్నట్టు ఇక్కడి చట్టం లెక్క.

లాక్‌కి డేవిడ్ హ్యూమ్ 1748లో జవాబిచ్చాడు. నిద్రపోతున్న మనిషిని ఓడలోకి ఎక్కించి, నడిసముద్రంలో లేచాక, దిగిపోలేదు కాబట్టి కెప్టెన్‌కి ఒప్పుకున్నావంటే ఎలా అని. విద్యార్థి నిద్రలో ఓడెక్కలేదు, కళ్ళు తెరిచే ఎక్కాడు, టిక్కెట్టు కొనుక్కుని మరీ. కానీ నచ్చకపోతే దిగిపో అంటే చుట్టూ అప్పు సముద్రం ఉంది. నాకు ఈ ఒప్పందం వాదన మీద నమ్మకం తక్కువ, దానికి కారణం అమెరికా కాదు. మా మండలంలో పైడిపాక, దేవరగొంది లాంటి ఊళ్ళు ప్రాజెక్టు కోసం ఖాళీ అయ్యాయి. పరిహారం తీసుకున్నారుగా, ఒప్పుకున్నట్టే అనేవాళ్ళని టీకొట్ల దగ్గర చాలాసార్లు విన్నాను. తీసుకోవడానికీ ఒప్పుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో గోదారి గట్టున పుట్టినవాడికి లాక్ చెప్పక్కర్లేదు, హ్యూమూ చెప్పక్కర్లేదు.

భయమూ ఒప్పందమూ తీసేస్తే ఏం మిగులుతుంది?

నేను వచ్చిన మొదటి ఎనిమిది నెలలూ నడిచాను. లైబ్రరీలో రాత్రి డ్యూటీ అయ్యాక అపార్ట్‌మెంటుకి రెండు మైళ్ళు. సగం దూరం ఫుట్‌పాత్ లేదు. నల్ల జాకెట్టు, నల్ల బ్యాగు. దారిలో నాలుగు స్టాప్ బోర్డులు. ఆ వేళకి కూడలిలో ఎవరూ ఉండరనే అందరి నమ్మకం. వచ్చే కారు వేగం తగ్గించి, ఆగకుండా, తిరుగుతుంది. ఆ కారులోవాడు అటూ ఇటూ చూసే ఉంటాడు. ఎవరూ లేరనుకునే తిరిగుంటాడు. నేనున్నాను. ముందద్దం పక్కనుండే స్తంభం ఒక మనిషిని మొత్తం దాచేయగలదని కారు నేర్చుకున్నాక తెలిసింది.

అందుకని పిల్లలకి నేను చెప్పేదిది. ‘ఎవరూ లేరు’ అన్నది కూడలి గురించిన వాస్తవం కాదు, నీ తీర్పు. ఆ తీర్పు తప్పైనప్పుడు దెబ్బ తగిలేది నీకు కాదు. మూడు సెకన్లు పూర్తిగా ఆగడమంటే, నా కళ్ళకి కనపడనివాడు ఉండొచ్చని ఒప్పుకోవడం. అర్ధరాత్రి నడిచేవాళ్ళెవరో ఆలోచించండి. లైసెన్సు రానివాడు, కారు కొనలేనివాడు, వంటగదిలో షిఫ్టు ముగించుకున్నవాడు. కట్టెలమోపు మనిషి ఇక్కడా ఉంది, మోపు మారింది. బాబాయి కళ్ళు చూడమన్నాడు, సరే. చూడటానికి కళ్ళు దొరకని మనిషి కోసం బోర్డు.

ఎడారి సంగతేమిటంటారా? నిజంగా మైళ్ళకొద్దీ ఎవరూ లేరని తెలిస్తే ఆగక్కర్లేదనే నేననుకుంటాను. చట్టం నొచ్చుకోదు. కాకపోతే ఇన్నేళ్ళలో నాకు అలాంటి కూడలి ఒక్కటీ తగల్లేదు.

ఇందులో తేలని ముడి ఒకటుంది. నన్నూ ట్రక్కునీ ఒకేలా ఆపే బోర్డు పెట్టిన రాజ్యమే, మనుషుల్ని లిమిటెడ్ టర్మ్ వాళ్ళనీ కానివాళ్ళనీ వేరు చేస్తుంది. ఆ ఏప్రిల్లో నేర్చుకున్న కుర్రాడు టెస్టు పాసయ్యాడు, మొదటిసారే. అతని కార్డు గడువు పోయిన మే నెలతో తీరిపోయింది. వర్క్ కార్డు చేతికొచ్చింది, ఉద్యోగం మొదలైంది, కొత్త లైసెన్సుకి వలస రికార్డుల పరిశీలన మాత్రం ఇంకా నడుస్తోంది. నడపడం వచ్చు, ఇన్సూరెన్సుంది, కూడళ్ళలో నాకన్నా శుభ్రంగా ఆగుతాడు. అయినా కారు తీస్తే నేరం. ఆఫీసు పద్నాలుగు మైళ్ళు, బస్సు లేదు. “తియ్యనా అన్నా, పొద్దున్నే కదా, ఎవరుంటారు?” అని మొన్న అడిగాడు. నా వాదన ప్రకారం అతను ఎవరికీ కొత్తగా ప్రమాదం తేవడం లేదు, తియ్యొచ్చు. తియ్యమని మాత్రం చెప్పలేకపోయాను. ప్రస్తుతానికి పొద్దున ఏడున్నరకి నేనే ఎక్కించుకుని దింపుతున్నాను.