పని పోయినవాడికి గీత చెప్పేదేమిటి?

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలిసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. చెరకు లోడు, షిఫ్టు, జీతం మూడూ ఆగాయి. ఇలా పని పోయినవాళ్లకు ఊళ్లో దొరికే ఓదార్పు తరచూ ఒకటే: అంతా తలరాత, ఫలం ఆశించకు. గీత నిజంగా ఈ మాటే చెప్పిందా?

అందులో సగమే చెప్పింది. గీత వదలమన్నది ఫలం మీద ఆశను, పనిని కాదు. పని చేయకుండా ఎవరూ క్షణమైనా ఉండలేరని మూడో అధ్యాయం అంటుంది. పని లేకపోతే మనిషి ఏమవుతాడో చెప్పడానికి ఆస్ట్రియాలోని మారియెన్‌థాల్ ఊరు సాక్ష్యం. అక్కడి బట్టల మిల్లు మూతపడ్డాక పరిశోధకులు ఆ జనాన్ని దగ్గర నుంచి గమనించి 1933లో పుస్తకం వేశారు. తీరిక బోలెడంత ఉన్నా లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం తగ్గింది, వీధిలో మగవాళ్ల నడకే నెమ్మదించింది. పోయింది డబ్బొక్కటే కాదు. రోజుకంటూ ఒక క్రమం, నలుగురిలో గుర్తింపు కూడా పోయాయి.

తలరాత మీద నమ్మకం ధైర్యమిస్తుంది కదా అనవచ్చు. ఇస్తుంది. తన చేతిలో లేనిదానికి తనను తాను తిట్టుకోకుండా కాపాడుతుంది. అదే మాట పక్కవాడు అంటే మాత్రం నోరు మూయించినట్టే. గీత మొదలయ్యేదే అర్జునుడి విషాదంతో. కృష్ణుడు ముందు అతని గోడు విన్నాడు, బోధ ఆ తర్వాతే. కాబట్టి వేదాంతం చెప్పేముందు వినండి, చేతనైతే ఏదో ఒక పని చూపించండి. దిగులు వారాల తరబడి వదలకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.