ముదురు తీగ, లేత వైన్

మా నాచారంలో వైన్స్ షాపులకు కొదవ లేదు. వైన్ మాత్రం దొరకదు. బోర్డు మీద ఉన్న మాటకు లోపల అమ్మేదానికి ఇంత దూరం ఉన్న దుకాణం ఇంకొకటి ఉండదేమో. అడిగితే కౌంటర్ వెనకాల కుర్రాడు పై అరలో దుమ్ము పట్టిన రెండు నాసిక్ సీసాలు చూపించి, "ఇదైతే ఉంది సార్" అన్నాడు, మనిషి సరిగ్గానే ఉన్నాడా అన్నట్టు చూస్తూ.

ఆ సీసాలు నాకు ఎందుకంటే, ఒక పరీక్ష పెట్టుకుందామని. ఆఫీసులో ఒక మిత్రుడు ఆస్ట్రేలియా నుంచి వస్తూ ఒక గ్రెనాష్ సీసా తెచ్చిచ్చాడు. బరోసా లోయది. లేబుల్ మీద 'ఓల్డ్ వైన్స్' అని ఉంది. మన వైన్స్ కాదు, ద్రాక్షతీగలు. వెనక వైపు 1920లలో నాటిన తీగలనీ, వైన్ మాత్రం తాజా శైలిలో చేశామనీ రాశారు. అంటే పండు మరీ మాగకముందే కోసి, పులుపు పోకుండా చూసి, కొత్త ఓక్ పీపాల వాసన అంటనివ్వకుండా, తొక్కలతో ఎక్కువ రోజులు నాననివ్వకుండా తీసినది. ముసలి తీగ అనగానే ముదురు రంగు, బరువైన రుచి వస్తాయని ఊహించుకుంటాం కదా, వీళ్లు దానికి ఎదురు వెళ్లారు.

మొదటిరోజు రెండు గుక్కలు తాగి, ఫోన్లో నోట్స్ రాసుకున్నాను. 'బ్లాక్ చెర్రీ' అని రాసి కొట్టేశాను. నేను బ్లాక్ చెర్రీ ఎప్పుడూ తినలేదు. నేరేడు, దానిమ్మ గింజ, చివర్లో పచ్చి ఉసిరి నమిలినట్టు వగరు. ఆ వగరు దగ్గరికొచ్చేసరికి నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. ఇంగ్లీషు వైన్ పుస్తకాలు టానిన్ గురించి చెప్పడానికి పట్టు, మఖ్మలు, ఇసుక కాగితం అని నానా తంటాలు పడతాయి. మనకు షడ్రుచుల్లో ఒకటిగా ఉగాది పచ్చడిలోనే ఉంది. పిందె మామిడి కొరికిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన మాట.

ఆపైన ఇంకో వాక్యం రాశాను: "నూరేళ్ల వేళ్లు తోడి తెచ్చిన లోతు." ఈ వ్యాసం ఆ వాక్యం గురించే.

శనివారం ఇద్దరు మిత్రులు వచ్చారు. సీసాలకు న్యూస్‌పేపర్ చుట్టి, మూడు గ్లాసుల్లో పోయించాను. ఏది ఏదో నాకూ తెలియకుండా. నూరేళ్ల లోతు నాకు రెండో గ్లాసులో దొరికింది. విప్పి చూస్తే అది మా వైన్స్ షాపు దుమ్ము సీసా.

నవ్వుకున్నాం, బిర్యానీ తిన్నాం. వాళ్లు వెళ్లాక నవ్వు రాలేదు. నేను పొరబడినందుకు కాదు. ఇలాంటి పొరపాట్లకు పెద్దవాళ్ల తోడు చాలానే ఉంది. 2001లో అచ్చయిన ఒక బోర్డో ప్రయోగంలో, తెల్ల వైన్‌కు ఎర్ర రంగు కలిపి ఇస్తే 54 మంది వైన్ విద్యార్థులు దానికి ఎర్ర వైన్ మాటలే రాశారు. 2008లో కాలిఫోర్నియాలో అదే వైన్‌ను ఎక్కువ ధర చెప్పి ఇస్తే తాగినవాళ్లకు నిజంగానే ఎక్కువ బాగుంది. మెదడు స్కాన్‌లో సుఖానికి సంబంధించిన చోటు కూడా ఎక్కువ స్పందించింది. అంటే వాళ్లు అబద్ధమాడలేదు. ధరే రుచైపోయింది.

నన్ను కుదిపింది వేరే సంగతి. నేను పుస్తకాల మీద రాస్తాను. రెండేళ్ల కింద ఒక పెద్ద రచయిత కథల సంపుటి మీద రాస్తూ, చప్పగా సాగిన ఒక కథను 'నిరాడంబర శిల్పం' అన్నాను. అదే కథ కొత్తవాళ్ల పేరుతో వచ్చి ఉంటే 'ఎడిటింగ్ అవసరం' అని ఉండేవాణ్ని. ఈ విషయం నాకు అప్పుడే తెలుసు. న్యూస్‌పేపర్ చుట్టిన సీసా దాన్ని మళ్లీ ముందు పెట్టిందంతే.

డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి ప్రమాణం మీద రాసిన వ్యాసంలో డాన్ కిహోటేలోని ఒక కథ వాడుకుంటాడు. సాంకో పాంజా చుట్టాలిద్దరు ఒక పీపాలోని వైన్ రుచి చూస్తారు. బాగుంది గానీ కాస్త తోలు వాసన అంటాడొకడు. బాగుంది గానీ కాస్త ఇనుము రుచి అంటాడు రెండోవాడు. అందరూ నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక చూస్తే అడుగున తోలు తాడు కట్టిన పాత తాళంచెవి. హ్యూమ్ చెప్పేదేంటంటే, రుచి మనసులోదే అయినా, దాన్ని పుట్టించేది వస్తువులో ఉంటుంది, నిపుణుడి నాలుక దాన్ని పట్టుకుంటుంది.

బాగుంది. కానీ తీగ వయసు తాళంచెవి కాదు. సీసా ఎంత వంపినా అడుగున నూరేళ్లు కనబడవు. ముసలి తీగకు వేళ్లు లోతుగా వెళ్తాయి, కాపు తగ్గుతుంది, తక్కువ గుత్తుల్లో రుచి చిక్కబడుతుంది అంటారు సాగుదారులు. కావచ్చు. ఇంజనీరుగా నాకో అనుమానం: మంచి నేలలో, మంచి పండు ఇచ్చిన తీగల్నే నూరేళ్లు ఉంచుతారు కదా? అప్పుడు మనం మెచ్చుకుంటున్నది వయసునా, ఎంపికనా? బతికి బయటపడ్డవాళ్లను చూసి సూత్రాలు చెప్పడం మా వృత్తిలోనూ ఉంది. ఇరవయ్యేళ్ల పాత కోడ్ నడుస్తోందంటే గొప్పగా రాశారనా, ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదనా?

పైగా 'ముసలి' అనే మాటకు కొలత కూడా చోటును బట్టే. ఫ్రాన్సులో 'వియే వీన్య్' అని రాసుకోవడానికి ఇన్నేళ్లుండాలన్న చట్టం లేదు. బరోసా వాళ్లు 2009లో తమకు తామే ఒక పట్టిక పెట్టుకున్నారు. 35 ఏళ్లు దాటితే ముసలిది, 70 దాటితే బతికి బయటపడ్డది, 100, 125 దాటితే ఇంకా పెద్ద బిరుదులు. ఇవే తీగల్లో బోలెడన్నిటిని 1980ల మధ్యలో అక్కడి ప్రభుత్వం డబ్బులిచ్చి మరీ పీకించింది, వైన్ అమ్ముడుపోక. మిగిలినవి ప్రేమ వల్ల మిగిలినవే అని నేను అనుకోను. కొన్ని బద్ధకం వల్ల, కొన్ని మొండితనం వల్ల మిగిలి ఉంటాయి.

ఆ కాలం గురించి చదువుతుంటే మా ఇంట్లో మాటలు గుర్తొచ్చాయి. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ద్రాక్షతోటలే. అనాబ్-ఎ-షాహి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ ఈ తీగను ఇక్కడికి తెచ్చాడని చెబుతారు. తెల్లద్రాక్ష, పెద్ద పండు, గింజ ఉంటుంది. తినడానికే, వైన్‌కు కాదు. నాన్న చిన్నప్పుడు నాగోలు వైపు ఒక తోటలో సెలవుల్లో పనికి పోయేవాడు. పందిరి కింద మెడ ఎత్తి ఎత్తి నొప్పి పుట్టేదట. మన దగ్గర తీగ చలికి నిద్రపోదు. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక్క కాపు. కాపు తగ్గిన తీగకు ఇక్కడ బిరుదులు లేవు, గొడ్డలే. ఆ తర్వాత మొత్తం తోటలకే గొడ్డలి పడింది, ప్లాట్ల కోసం. ఇప్పుడు అక్కడ మెట్రో స్టేషన్ ఉంది. నేను రోజూ ఎక్కుతాను.

అందుకని 'నూరేళ్ల వేళ్లు' అన్న నా వాక్యం పూర్తి అబద్ధం అనలేను. తీగ వయసు తెలిసి తాగడంలో తప్పేముంది? అమ్మ పెట్టిన ఆవకాయ అని తెలిసి తినడం లాంటిదే. ఆ తెలివిడి నాలుకను ఒక వైపు తిప్పుతుంది, ఇది వెతుకు అని చెబుతుంది. తప్పు ఎక్కడంటే, నాకు తెలిసినదాన్ని నాకు రుచించినదానిగా రాయడంలో. 'నూరేళ్ల తీగట, నాకేమీ తేడా తెలియలేదు' అని రాసినా ఆ తీగకు అవమానం లేదు. నేను పెట్టుకున్న గుర్తు ఒకటే: ఒక వస్తువు గురించి నాకు తెలిసిన సంగతి దాని మార్కులు పెంచడానికే తప్ప ఎన్నడూ తగ్గించడానికి పనికిరాకపోతే, అది తెలివిడి కాదు, భజన. అమ్మ ఆవకాయలో ఈ ఏడు ఉప్పెక్కువైందని అమ్మకు చెప్పగలను. ఆ పెద్ద రచయిత గురించి అలా రాయలేకపోయాను.

ఆదివారం నాన్న వచ్చాడు. గ్రెనాష్ కొంచెం మిగిలింది. నాన్న కల్లు మనిషి. పోతుతాడు కల్లుకూ పండుతాడు కల్లుకూ తేడా గుక్కలో చెబుతాడు. దాన్ని ఎవరూ అభిరుచి అనలేదు, అలవాటు అన్నారు. గ్లాసు ఇచ్చి, ఏమీ చెప్పలేదు.

"వగరుగున్నది. మంచిగనే ఉన్నది. జర సల్లగుంటె ఇంకా బాగుండునేమో."

తాజా శైలి ఎర్ర వైన్‌ను కాస్త చల్లబరిచే తాగాలి. నేను బయట పెట్టి ఉంచాను. ఫ్రిజ్‌లో పెట్టి వచ్చి, అప్పుడు చెప్పాను, వందేళ్ల తీగ నాన్నా అని. నమ్మలేదు. నమ్మాక రుచి గురించి ఇంకో మాట అనలేదు.

"వందేండ్ల తీగకు కత్తిరింపు ఎవలు జేస్తున్రు రా?"

ఫోన్లో బరోసా తీగల ఫొటోలు తీసి ఇచ్చాను. పందిరి లేదు, తీగ కూడా కాదు, నడుమెత్తు మొద్దు, మెలికలు తిరిగి. నాన్న కళ్లజోడు పైకి జరిపి, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి, కోత పడిన చోట్లన్నీ ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాడు.