సబర్ ఎవరి గుణం?

‘మీ సాయిబులకు కోపం జాస్తి’ అనేవాళ్లు ప్రొద్దుటూరు బజార్లో. ఆ నోటితోనే మా అబ్బాజాన్‌ను ‘సబర్ ఉన్న మనిషి’ అని మెచ్చుకునేవాళ్లు. రెండూ పుట్టుకతో వచ్చిన గుణాలేనని వాళ్ల లెక్క. మాకు ఆ లెక్క ఎన్నడూ కుదరలేదు.

అబ్బాజాన్‌ది జమ్మలమడుగులో టైలరు అంగడి. ఫ్యాక్షన్ రోజులు. రెండు వర్గాల చొక్కాలూ ఆయన మిషను మీదే కుట్టాలి. జీపు ఆగిన తీరును బట్టే వచ్చినోడి మనసు పసిగట్టేవాడు. ఏ మాట అనాలో, ఏది మింగాలో తెలుసు. పులివెందుల మామూకూ ఎదుటివాళ్ల మనసు అంతే బాగా తెలుసు. కానీ తల వంచే స్వభావం కాదు. పొగరుబోతు అనిపించుకున్నాడు.

భావోద్వేగాలను గుర్తించి, అర్థం చేసుకుని, అదుపులో పెట్టుకోవడం ఒక తెలివి అని 1990లో సలోవీ, మేయర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు అన్నారు. 1995లో గోల్‌మన్ పుస్తకం ఆ మాటను లోకమంతా తిప్పింది. మనిషి తన గురించి తాను చెప్పుకునే జవాబులతో కొలిచేది తెలివిని కాదు, స్వభావాన్నేనని తర్వాత పెట్రైడ్స్ వంటివాళ్లు తేల్చారు. అబ్బాజాన్‌ను, మామూను పక్కపక్కన నిలబెడితే తెలివీ స్వభావమూ వేరేనని మాకూ తోస్తుంది. అయితే ఆ తెలివి ఎవరికి అవసరమై అబ్బింది? జీపులో వచ్చినోడికి టైలరు మనసు చదవాల్సిన పని ఎప్పుడైనా పడిందా?

అంగట్లో మింగిన కోపమంతా అబ్బాజాన్ ఇంటికొచ్చి అమ్మీ మీద కక్కేవాడు. చెప్పుల చప్పుడు వినే ఆమె కనిపెట్టి, మమ్మల్ని పెరట్లోకి తోలేది. ఆమె మనసు ఎట్లా ఉందో మేమూ అడగలేదు.